అమ్మ వేసిన చుక్కలు

మా అమ్మ పెద్దింట్లమ్మకి చూపు తిరిగొచ్చాక మా లంకలో ఎవరికీ మనశ్శాంతి లేకుండా పోయింది. అంతకుముందు కంట్లో శుక్లం ముదిరి, బుట్టలో ఉన్న చేప జెల్లో కొరమీనో చేత్తో తడిమి చెప్పే మనిషి. ఆపరేషన్ అయ్యాక అరుగు మీద పీట వేసుకుని కూర్చుని, దారిన పోయే ఆడవాళ్లందర్నీ ఆపేది. నీ జాకెట్టు చంకలో చిరిగిందేమే అని ఒకరిని, నీ మొగుడు పుల్లలా అయిపోయాడు, తిండి పెట్టట్లేదా అని ఇంకొకరిని. ఇన్నాళ్లూ చూడలేకపోయినవన్నీ వడ్డీతో సహా చూసేస్తోందని మేం నవ్వుకునేవాళ్లం.

మాది కొల్లేటి మధ్య ఒక లంక. నాన్న పోయాక తమ్ముడు నాగబాబు వల పట్టాడు. వాడి పెళ్లాం హేమ బయటి పిల్లేం కాదు, మా మేనమామ కూతురే. నేను పెళ్లయ్యాక బెజవాడ వచ్చేశాను. మా ఆయనకి వన్ టౌన్‌లో వలలూ తాళ్లూ అమ్మే కొట్టుంది, కాపురం భవానీపురంలో. అమ్మని ఆపరేషన్‌కి ఒప్పించింది నేనే. ఒప్పించడమంటే బతిమాలడం కాదు, తిట్టడం. మా ఇంట్లో ఏ పనైనా జరగాలంటే అదొక్కటే దారి. కంటికి కత్తి అంటే మా లంకలో అందరికీ హడల్. అప్పటిదాకా ఒక్కరు కూడా చేయించుకోలేదు.

బెజవాడ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసినంతసేపూ అమ్మ ముఖం మీద గుడ్డ కప్పే ఉంది. కంటికి మత్తు ఇచ్చారు. లోపల ఏం తీశారో, ఏం పెట్టారో ఆమెకి తెలియదు. బయటికి తీసుకొచ్చాక, "ఇంకా ఎప్పుడు మొదలెడతారే?" అని నన్నే అడిగింది. కత్తి చూడలేదు, కొత్తగా పెట్టిన లెన్సూ చూడలేదు. ఆమె కంటికి కనిపించిన వైద్యం చుక్కల మందు ఒక్కటే. అందుకే చూపు తెచ్చింది ఆ మందేనని నమ్మింది. ఎంత చెప్పినా ఆ నమ్మకం మారలేదు.

మందు సంగతి మాకు చెప్పింది హెలెన్ అనే నర్సు. ఓపికైన పిల్ల. నాగబాబుని ఎదురుగా కూర్చోబెట్టి గులాబీ మూత ఉన్న చిన్న సీసా చేతికిచ్చింది.

"ఇది ఆపరేషన్ తర్వాత కంట్లో వాపు తగ్గడానికండి. బాగా ఊపి వెయ్యాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసా మూతి కంటికి తగలకూడదు. ముందు ఎక్కువ సార్లు వేసి, వారం వారం తగ్గించుకుంటూ రావాలి. మీ అంతట మీరు ఆపెయ్యకూడదు. ఈ కంటికి తప్ప ఇంకే కంటికీ వెయ్యొద్దు. వాడకం అయిపోయాక మిగిలింది పారెయ్యండి."

నాగబాబు తలూపడమే కాదు, ఒకటికి రెండుసార్లు అప్పజెప్పాడు. చెప్పినట్టే చేశాడు కూడా. చుక్కల వేళకి కొల్లేట్లో ఎక్కడున్నా దోనె తిప్పుకుని వచ్చేసేవాడు. చేపల వాసన పోయేదాకా చేతులు రుద్దుకుని, అమ్మ తల వెనక్కి వాల్చి, కింది రెప్ప వేలితో లాగి, ఊపిరి బిగబట్టి ఒక్క చుక్క వేసేవాడు. పాలలా తెల్లగా ఉండేది ఆ మందు. వాడి పెళ్లాం జ్వరంతో పడుకుంటే ఒక మాత్ర తెచ్చివ్వడం మర్చిపోయే మనిషి, అమ్మ చుక్కలు మాత్రం ఒక్కనాడూ మర్చిపోలేదు. ఆ మాట అని హేమ ఉడికిస్తే సిగ్గుపడి నవ్వేవాడు.

వాడకం అయిపోయింది. సీసాలో అడుగున కాస్త మిగిలింది. అమ్మ పారెయ్యలేదు. చూపు తెచ్చిన మందుని పెంట మీద పారెయ్యడం ఏంటని, తీసుకెళ్లి అమ్మవారి పటం దగ్గర పెట్టింది. కొన్నాళ్లకి మా బాబాయి ఎల్లారావుకి కంట్లో దుమ్ము పడి ఎర్రబడితే, పిలిచి రెండు పూటలు చుక్కలు వేసింది. ఎరుపు పోయింది. దుమ్ము పడ్డ కన్ను దానంతటదే తగ్గుతుందని ఆమెకి ఎవరు చెప్తారు? చెప్పినా వింటుందా? సీసా ఖాళీ అయ్యాక కైకలూరు వెళ్లేవాళ్ల చేతికి అట్టపెట్టె ఇచ్చి పంపింది. మందుల షాపువాడు చీటీ అడగలేదు, ఏమీ అడగలేదు, పెట్టె చూసి ఇచ్చేశాడు. ఆ తర్వాత లంకలో చాలా ఇళ్లలో గులాబీ మూత సీసాలు వెలిశాయి. ఇంటింటికీ తిరిగి ప్రచారం చేసింది అమ్మే.

"నర్సు ఇంకే కంటికీ వెయ్యొద్దంది కదత్తా," అని హేమ ఒకసారి అంది.

"ఆవిడ అట్టాగే చెప్తది. అందరూ ఇంట్లోనే బాగైపోతే వాళ్ల ఆసుపత్రికి ఎవడెళ్తాడే?" అంది అమ్మ. నాతో ఫోన్లో ఆ ముచ్చట చెప్పుకుని అత్తాకోడళ్లిద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

వానలు మొదలైన రోజుల్లో నాగబాబు కంట్లో తుంగ ఆకు గీసుకుంది. తుంగ దుబ్బుల మధ్యలోంచి దోనె తోసుకుంటూ వస్తుంటే ఒక ఆకు వంగి, చటుక్కున లేచి కొట్టింది. మా వాళ్లకి ముల్లు గుచ్చుకోవడం, ఆకు కోసుకోవడం దెబ్బల్లో లెక్క కాదు. ఇంటికొచ్చి అలాంటివి చెప్పుకున్నవాణ్ణి వెక్కిరిస్తారు. వాడూ ఆ కొల్లేటి నీళ్లతోనే కన్ను కడుక్కుని, వల లాగి, చేపలు ఐసు షెడ్డులో ఇచ్చి ఇంటికొచ్చాడు. సాయంత్రానికి కన్ను చింతనిప్పైంది.

"ఇలా రా. నా కంటికి నువ్వేశావు, నీ కంటికి నేనేస్తాను," అని అమ్మ సీసా తీసింది.

వాడికి నర్సు మాట గుర్తులేక కాదు. ఆ తర్వాత నాతో చెప్పాడు, గుర్తుందట. కానీ అమ్మ సబ్బుతో చేతులు కడుక్కుని, వాడు తనకి చేసినట్టే వాడి తల వెనక్కి వాల్చి, ఊపిరి బిగబట్టి చుక్క వేస్తుంటే వద్దనడానికి నోరు రాలేదట. చిన్నప్పటి తర్వాత అమ్మ ఒళ్లో తల పెట్టుకోవడం అదేనక్కా అన్నాడు.

మర్నాటికి ఎరుపు తగ్గింది. అమ్మ ఆనందం పట్టలేకపోయింది. నాకు ఫోన్ చేసి, "మీ డాక్టర్ల కంటే నేనే నయం కదే," అంది. వాడు మళ్లీ కొల్లేట్లోకి వెళ్లాడు. నాలుగు రోజులు పోయాక కన్ను మళ్లీ నొప్పి మొదలెట్టింది. అమ్మ చుక్కలు పెంచింది. నొప్పి పెరిగింది. ఇంకా పెంచింది.

ఒక పొద్దున్నే హేమ ఫోన్ చేసింది.

"వదినా, బావ నల్లగుడ్డు మీద మెతుకంత తెల్లగా ఏదో ఉంది. వెలుగు చూడలేకపోతన్నాడు. చాప మీంచి లెయ్యట్లేదు."

"ఇంకేం చెయ్యొద్దు. ఉన్నపళంగా తీసుకొచ్చెయ్," అన్నాను.

వాళ్లు బయల్దేరుతుంటే అమ్మ సీసా హేమ చేతిలో పెట్టి, దారిలో వెయ్యడం మర్చిపోవద్దని మరీ మరీ చెప్పిందట. హేమ సరేనని సంచిలో వేసుకుంది. దారిలో వెయ్యలేదు. డాక్టర్‌కి చూపించడానికి తెచ్చింది.

డాక్టరమ్మ చాలాసేపు లైటు వేసి చూసింది. ఏం మందులు వాడారని అడిగింది. హేమ సీసా బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాని పేరు చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టేసింది.

"ఎవరిచ్చారు ఇది?"

"నేనే కొనుక్కున్నానండి," అన్నాడు నాగబాబు.

హేమ వాడి మోచెయ్యి పట్టుకుంది. "డాక్టర్ దగ్గర దాచకూడదు బావా," అని, తుంగ ఆకు దగ్గర్నుంచి అమ్మ పెంచుకుంటూ పోయిన చుక్కల దాకా మొత్తం చెప్పేసింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఆకు గీసుకున్నచోట బూజు పట్టిందమ్మా. ఈ మందు మంచిదే, మీ అమ్మగారి కంటికి. ఆపరేషన్ చేసిన కంట్లో వాపు తగ్గిస్తుంది. బూజు పట్టిన కంట్లో వేస్తే, ఒళ్లు దానితో పోరాడకుండా పడుకోబెట్టేస్తుంది. పైకి ఎరుపు తగ్గినట్టుంటుంది, లోపల బూజు కన్నుని తినేస్తుంది. మొదటిరోజే వచ్చుంటే నిలబెట్టేవాళ్లం. ఇప్పుడు ప్రయత్నిస్తాం," అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక నాగబాబు అడిగింది కంటి గురించి కాదు. "అక్కా, అమ్మకి చెప్పొద్దు. హేమా, నువ్వు కూడా. చెప్తే బతకదు," అన్నాడు. మా ఇద్దరి చేతా అక్షయ మీద ఒట్టు వేయించుకున్నాడు. అక్షయ వాడి కూతురు, బడికెళ్లే పిల్ల.

గంట గంటకీ వేరే మందులు వేశారు. హేమ నిద్ర మానేసి వేసింది. ఏదీ పనిచెయ్యలేదు. నల్లగుడ్డు కరిగి చిల్లు పడింది. చివరికి కన్ను తీసెయ్యాల్సి వచ్చింది. మా తమ్ముడికి పసితనం నుంచీ పెద్ద పెద్ద కళ్లు. దిష్టి తగులుతుందని అమ్మ బుగ్గన చుక్క పెట్టేది. ఆ కళ్లలో ఒకటి పోయింది, ఇంకేం రాయను?

అమ్మ ఆసుపత్రికి వచ్చి కట్టు చూసింది. ఏడవలేదు. తిన్నగా హేమ ముందుకెళ్లి నిలబడింది.

"దారిలో చుక్కలు వేశావా?"

హేమకి అబద్ధం రాదు. అదే దాని కర్మ. "వెయ్యలేదత్తా," అంది.

ఆ ఒక్క మాట చాలింది అమ్మకి. మీ అంతట మీరు ఆపెయ్యకూడదని నర్సు చెప్పిన మాట ఒక్కటే ఆమె బుర్రలో మిగిలింది. మందు ఆపబట్టే కన్ను పోయింది. ఆపింది హేమ. లంకకి తిరిగెళ్లాక ఇంటింటికీ అదే చెప్పింది. ఐసు షెడ్డులో ఆడవాళ్లంతా చేపలు పెట్టెలకెత్తుతుంటే, హేమ అక్కడుండగానే, "నా అన్న కూతురని తెచ్చుకున్నాను. నా బిడ్డ కన్ను పోగొట్టింది," అని గుండెలు బాదుకుందట. హేమ తలొంచుకుని ఐసు కొడుతూనే ఉందట. ఇదంతా ఎల్లారావు బాబాయి చెప్తే నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు నాగబాబుకి ఫోన్ చేశాను.

"ఒట్టూ లేదు గిట్టూ లేదు, నేను చెప్పేస్తాను. ఆ పిల్ల ఏం పాపం చేసిందిరా?"

"హేమే చెప్పొద్దంటందక్కా," అన్నాడు వాడు. "అత్త నన్ను తిట్టుకుంటే అన్నమన్నా తింటది, తనని తను తిట్టుకుంటే తినదు అంటంది."

ఫోన్ పెట్టేసి కూర్చుని ఏడ్చాను.

ఒక ఆదివారం లంకకి వెళ్లాను. అక్షయకి కళ్లకలక వచ్చిందని, రెండు కళ్లూ ఎర్రగా ఉన్నాయని ముందురోజే హేమ చెప్పింది. బాగా కాచి చల్లార్చిన నీళ్లతో తుడుస్తూ ఉండమని, నేను వచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానని చెప్పాను. నేను వెళ్లేసరికి నాగబాబు అరుగు చివర కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. ఒంటికన్నుతో దోనె మీద దూరం అందక, వాడిప్పుడు కొల్లేట్లోకి తక్కువ వెళ్తున్నాడు. అమ్మ లోపల్నుంచి వచ్చి పీట మీద కూర్చుని, మనవరాలి తల ఒళ్లోకి తీసుకుంది. చేతిలో గులాబీ మూత సీసా. కొత్తది. గబగబా ఊపుతోంది.

నాకు నోరు పెగిలేలోపే హేమ వంటింట్లోంచి పరుగున వచ్చి, సీసా లాక్కుని దారిలోకి విసిరికొట్టింది.

అమ్మ లేచింది. ఆ కోపం నేనెప్పుడూ చూడలేదు. "మొగుడి కన్ను తిన్నది చాల్లేదటే? ఇప్పుడు బిడ్డ కళ్లు కూడా కావాలా నీకు?"

హేమ పిల్లని గుండెలకి అదుముకుని నిలబడింది. నాగబాబు వంక చూసింది. చుట్టుపక్కల ఇళ్లలోంచి ఆడవాళ్లు బయటికొచ్చారు.

నాగబాబు వల పక్కన పెట్టాడు.

"అమ్మా, దాన్ని అనమాకు. ఆ మందు వల్లే నా కన్ను పోయింది."

"ఏ మందు?"

"నువ్వేసిందే."

అమ్మకి అర్థం కాలేదు. నా వైపు తిరిగింది. "సుధా, పెళ్లాన్ని వెనకేసుకొస్తన్నాడు కదే వీడు?"

అవునని చెప్పాలని ఎంత అనిపించిందో. "కాదమ్మా," అన్నాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. ఆపరేషన్ కంటికి మంచిదే, ఆకు గీసుకున్న కంటికి కాదని. అమ్మ కదలకుండా విన్నది.

"నేను వెయ్యకపోతే ఉండేదా కన్ను?"

నాగబాబు తల దించుకున్నాడు. ఆమెకి అదే జవాబైంది. "హేమకి ఎప్పట్నించి తెలుసు?" అంది.

"ఆసుపత్రికెళ్లిన రోజు నుంచే," అన్నాడు నాగబాబు. "నేనే చెప్పొద్దన్నాను."

"ఐసు షెడ్డులో నేనన్నప్పుడు కూడా తెలుసన్నమాట."

"అత్తా, తెలియక చేశావు. నీ కొడుక్కి మేలు చెయ్యాలనే కదా చేశావు," అని హేమ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. అమ్మ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. విదిలించి కొట్టలేదు, ముట్టుకునే అర్హత తనకి లేనట్టు మెల్లగా తీసి పెట్టింది. తర్వాత కొంగు నడుముకి చుట్టుకుని అరుగు దిగింది.

ఎక్కడికి పోతోందో తెలియలేదు. నాలుగు వైపులా నీళ్లున్న ఊరు. నాగబాబు చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే పరిగెత్తాడు. కానీ ఆమె నీళ్ల వైపు పోలేదు. దారిలో పడున్న సీసా తీసుకుని ఎల్లారావు బాబాయి గుమ్మం ముందు ఆగింది.

"ఎల్లారావూ, మందు ఆపి నా కొడుకు కన్ను హేమ పోగొట్టిందని చెప్పాను కదా. అది అబద్ధం. మందేసి పోగొట్టింది నేను. నేను కొనిపించిన సీసా నీ దగ్గరుంటే ఇచ్చెయ్."

బాబాయి బిత్తరపోయాడు. "అట్టాగంటావేంటొదినా? కన్నతల్లివి, కావాలని చేస్తావా?"

"సీసా ఇచ్చెయ్," అంది అమ్మ.

పక్కింటి ముందు నిలబడి మళ్లీ అదే చెప్పింది. ఆ పక్కింట్లోనూ అంతే. మాట తడబడలేదు. కంట్లో తడి లేదు. ఇచ్చిన సీసాలు కొంగులో మూటకట్టుకుంటూ నడిచింది. ఒకావిడ ఏడుస్తూ కూర్చోమని పీట వేస్తే కూర్చోలేదు. ఇంకొకావిడ మంచినీళ్లిస్తే తాగలేదు. వెనకాల హేమ పిల్లని ఎత్తుకుని, "అత్తా, నేనేం అనుకోలేదు, నా మీద ఒట్టు, ఇంటికి రా అత్తా," అని బతిమాలుతూనే ఉంది. ఇన్నాళ్లూ హేమ మౌనంగా మోసింది ఇందుకేనా అని నాకు ఆ దేవుడి మీద కూడా కోపం వచ్చింది.

బజారు మలుపు దగ్గర నాగబాబు ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు. ఉన్న కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"చాలమ్మా. ఇంక చాలు. ఇందరికి చెప్పావు, మిగతా వాళ్లకి అదే చేరిపోద్ది. ఇంటికి పోదాం రా."

అమ్మ వాడి ముఖం వైపు చూడలేకపోయింది. వాడి చొక్కా గుండీల వైపే చూస్తూ చెప్పింది.

"హేమ మీద చెప్పినప్పుడు ఒక్క గడప కూడా వదల్లేదురా."

వాణ్ణి తప్పుకుని ముందుకెళ్లి, తర్వాతి ఇంటి ముందు నిలబడి పేరు పెట్టి పిలిచింది.